స్లాష్ రిఫ్ నేర్చుకోవాలంటే ముందు తీగలు దించండి

అమలాపురంలో నా దగ్గరికి గిటార్ నేర్చుకోడానికి వచ్చే కుర్రాళ్లలో చాలామందికి గన్స్ అండ్ రోజెస్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పిచ్చి. ఆ బ్యాండ్ పాట 'స్వీట్ చైల్డ్ ఓ మైన్' మొదట్లో గిటారిస్ట్ స్లాష్ వాయించే రిఫ్, అంటే పదేపదే తిరిగొచ్చే స్వరాల వరస, నేర్పమంటారు, ఆ వెంటనే శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ ఎంతవుతుందని అడుగుతారు. పెడల్ సంగతి తర్వాత. ముందు ఆరు తీగల శ్రుతినీ అర మెట్టు, అంటే ఒక ఫ్రెట్ అంత, దించండి. 1987 జులైలో వచ్చిన ఆ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లో ఈ పాట ఆ శ్రుతిలోనే ఉంది. మామూలు శ్రుతిలో ఎంత బాగా వాయించినా రికార్డుతో కలవదు.

అన్నిటికన్నా లావైన ఆరో తీగ నుంచి వరసగా ఈ ఫ్లాట్, ఏ ఫ్లాట్, డీ ఫ్లాట్, జీ ఫ్లాట్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్. కావలసిన స్వరం కన్నా ఇంకాస్త కిందకి వదిలి, అక్కడి నుంచి పైకి బిగించుకుంటూ రండి. పై నుంచి దించి అక్కడే ఆపేస్తే నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడి పట్టీ) దగ్గర తీగ పట్టేసి, కాసేపటికే శ్రుతి జారిపోతుంది. ఇలా దించితే తీగ మీద టెన్షన్ సుమారు 11 శాతం తగ్గుతుంది. బెండ్లు (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) సులువవుతాయి గానీ, 9 గేజ్ (గేజ్ అంటే తీగ మందం) తీగలైతే మరీ వదులుగా అనిపిస్తాయి. ఎలక్ట్రిక్ గిటార్‌కి 10 గేజ్ వేసుకోండి.

మన కోనసీమ ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. ఓడలరేవు, అంతర్వేది వైపు వాళ్లకి మరీనూ. వాయించాక పాత లుంగీ గుడ్డతో ఒక్కో తీగనీ పైనా కిందా తుడవండి. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో మాత్రం గిటార్ ముట్టుకోవద్దు.

ఇక రిఫ్. అందులో ఎనిమిది స్వరాలు (ఫ్రెట్ అంటే మెడ మీది అడ్డకమ్మీ, తీగ తర్వాతి అంకె ఫ్రెట్‌ది): నాలుగో తీగ 12వ ఫ్రెట్, రెండో తీగ 15, మూడో తీగ 14, మూడో తీగ 12, మొదటి తీగ 15, మూడో తీగ 14, మొదటి తీగ 14, మళ్లీ మూడో తీగ 14. చూపుడు వేలు 12కి, మధ్య వేలు మూడో తీగ 14కి, ఉంగరం వేలు మొదటి తీగ 14కి, చిటికెన వేలు 15కి. ఇది రెండుసార్లు వాయించాక మొదటి స్వరం ఒక్కటే మారుతుంది: నాలుగో తీగ 14తో రెండుసార్లు, మూడో తీగ 12తో రెండుసార్లు, మళ్లీ మొదటిదానితో రెండుసార్లు. మిగతా ఏడు స్వరాలూ అలాగే ఉంటాయి. స్లాష్ చేతులు వేడెక్కించుకుంటూ వాయిస్తుంటే పుట్టిన రిఫ్ ఇది. అందుకే వేళ్లకి ఇంత మంచి కసరత్తు.

అసలు కష్టమంతా కుడిచేతిలో ఉంది. తీగలు మీటే పిక్ ఒకసారి కిందకి, ఒకసారి పైకి, ఎక్కడా వరస తప్పకూడదు. ఐదో స్వరం నుంచి పిక్ మొదటి తీగకీ మూడో తీగకీ మధ్య తిరుగుతుంది, నడుమనున్న రెండో తీగకి తగలకూడదు. అక్కడే అందరూ తడబడతారు. ఆ నాలుగు స్వరాల్నే విడిగా, ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) ఆపేసి, తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 బీట్ల మీద పెట్టి, బీట్‌కి రెండు స్వరాల చొప్పున వాయించండి. రెండో తీగ మోగితే వేగం పెంచొద్దు. పాట అసలు వేగం సుమారు 125. అక్కడికి నిదానంగా వెళ్లండి.

శబ్దం కోసం మెడ వైపున్న నెక్ పికప్ (తీగల కదలికని అందుకునే భాగం), టోన్ కొంచెం తగ్గించి, గెయిన్ (ఆంప్‌లో గరగరని పెంచే మీట) మీరనుకున్న దానిలో సగం చాలు. గెయిన్ ఎక్కువైతే స్వరాలన్నీ ముద్దయిపోతాయి. ఖరీదైన గిబ్సన్ లేదని బెంగ వద్దు. ఆ ఆల్బమ్‌లో స్లాష్ ఎక్కువగా వాయించింది కూడా గిబ్సన్ కంపెనీది కాదు. క్రిస్ డెరిగ్ అనే ఆయన గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ మోడల్ నమూనాలో చేసిన గిటార్ అది, మార్షల్ ఆంప్‌తో.

పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని డి, సి, జి, డి కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) రెండేసి బార్లు (నాలుగు బీట్లకో బార్) వాయించమనండి. అప్పట్లో బ్యాండ్‌లో ఆ పని రెండో గిటారిస్ట్ ఇజ్జీ స్ట్రాడ్లిన్‌ది. చర్చిలో గిటార్ పట్టిన ప్రతి కుర్రాడికీ ఆ కార్డులు వచ్చు. ఆదివారం అదే గిటార్‌తో ఆరాధనలో వాయించాలంటే తీగలు మళ్లీ బిగించక్కర్లేదు, మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ అదిమిపట్టే బిగింపు) పెడితే మామూలు శ్రుతి వచ్చేస్తుంది.