డైరీ పేజీ నలుగురిలోకి వెళ్ళేముందు

డైరీలో రాసుకున్నది నలుగురికీ చూపించాలనుంటే ఉన్నదున్నట్టు టైపు చేసేయకండి. మనకోసమైతే "మళ్ళీ అదే గొడవ" అంటే చాలు, చదివేవాళ్ళకి ఏ గొడవో తెలియాలిగా! బెంగళూరు మారతహళ్ళిలో మనం ఉండే పీజీ హాస్టల్లో ఆదివారం రాత్రి వంట ఉండదని, సిల్క్ బోర్డు దగ్గర బస్సు కదల్లేదని రాస్తే గుంటూరులో ఉన్నవాళ్ళకీ కళ్ళకు కడుతుంది. అవి ఉంచండి. రూమ్మేటు జీతం, అతని ప్రేమ గోల మాత్రం తీసేయండి. పేరు మార్చినా ఆఫీసులో పట్టేస్తారు, మనవాళ్ళ సంగతి తెలిసిందేగా. కోపంలో రాసింది వారం ఆగి చూడండి. ఫోటోలైతే లొకేషన్ తీసేసి పెట్టండి. కెమెరాలో అది ఆన్‌లో ఉంటే తీసిన చోటు ఫైల్లోనే నమోదవుతుంది. బ్లాగులు రాసుకునే వర్డ్‌ప్రెస్‌లో ఒక్కో పోస్టునీ ప్రైవేటుగా ఉంచొచ్చు. ముందు అలా పెట్టి, ఫోన్‌లో చదువుకుని, అప్పుడు పబ్లిక్ చేయండి.