మిలిటరీ నర్సుగా పనిచేసిన అమ్మమ్మ జీవితాన్ని రికార్డు చేయడం ఎలా

1971 భారత్-పాకిస్తాన్ యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. కానీ గాయపడ్డవాళ్లు ఆ తర్వాత కూడా వార్డుల్లోనే ఉన్నారు కాబట్టి నర్సింగ్ ఆఫీసర్ల డ్యూటీ 16తో తీరలేదు. అప్పుడు ఇరవైల్లో ఉన్నవాళ్లకి ఇప్పుడు ఎనభై దరిదాపుల్లో ఉంటాయి. ఇంకా వాయిదా వేయకండి. యుద్ధం గురించి రెండు సిట్టింగులు చాలు. నర్సింగ్ చదువు, బదిలీలు, పెళ్లి, పిల్లలు, రిటైర్మెంటు, వీటికి కనీసం ఆరు కావాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. యుద్ధం కబుర్లు అయిపోగానే ఫోన్‌లో రికార్డింగ్ ఆపేస్తారు, ఎనభై ఏళ్ల మనిషి రెండు వారాలకే మిగిలిపోతుంది.

మొదట ట్రంకు పెట్టె తెరవండి. నర్సింగ్ సర్టిఫికెట్, పోస్టింగ్ ఆర్డర్లు, పెన్షన్ పేమెంట్ ఆర్డర్, మెడల్స్ అన్నీ ఫోటో తీయండి. పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగం. ఏం అడగాలో సగం అక్కడే తెలుస్తుంది. మెడల్స్‌ని చింతపండుతోనో పాలిష్‌తోనో తోమకండి, చెక్కిన పేరు అరిగిపోతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆల్బంలో అతుక్కుపోయిన ఫోటోలు పీకొద్దు, పేజీతో సహా 600 డీపీఐలో స్కాన్ చేయండి. విడి ఫోటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి. బాల్‌పెన్ అచ్చు ముందుకి తేలుతుంది.

టిఫిన్ అయ్యాక నలభై నిమిషాలు మంచి సమయం. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, లేకపోతే మాట కింద ఆ హోరే వినిపిస్తుంది. అందుకే ఎండాకాలం వద్దు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, ఆమెకి జానెడున్నర దూరంలో ఉంచండి. బాగా వినపడే చెవి వైపు కూర్చోండి. పక్కనుంచి జవాబులు అందించే మావయ్యల్ని కాసేపు బజారుకి పంపడం మంచిది.

"భయమేసిందా అమ్మమ్మా?" అంటే "డ్యూటీ కదమ్మా" అని ఊరుకుంటుంది. చేతులతో చేసిన పని అడగండి. "నైట్ డ్యూటీకి వెళ్లగానే ముందు ఏం చేసేదానివి?" "గాజు సిరంజీలు ఎవరు ఉడకబెట్టేవాళ్లు?" "బ్లాకవుట్‌లో సెలైన్ చుక్కలు ఎలా లెక్కపెట్టావు?" ఆమె చెయ్యి చూపించి "ఇంత" అన్నప్పుడు, "ఎంత, చెంబంతా?" అని నోటితో చెప్పించండి. చెయ్యి రికార్డులో వినపడదు.

సంవత్సరం అడిగితే తడబడతారు. "జై ఆంధ్ర ఉద్యమం నాటికి ఎక్కడున్నావు? దివిసీమ ఉప్పెనప్పుడు?" అంటే 1972, 1977 దొరికినట్టే. విశాఖలో ఉండి, రాత్రి పెద్ద శబ్దం విన్నానని చెబితే, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడ మునిగింది డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి అని మీకు గుర్తు రావచ్చు. ఆమె పూర్తిగా చెప్పేదాకా ఆ మాట ఎత్తకండి. మీరు చదివింది ఆమె జ్ఞాపకంలో కలిసిపోతే మళ్లీ విడదీయలేరు. కాగితం ఒకటి, ఆమె ఇంకొకటి చెబితే రెండూ రాసి పెట్టండి.

మధ్యలో మౌనంగా ఉండిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. కాసేపు ఆగండి, మంచినీళ్లు ఇవ్వండి. ఇక వద్దంటే ఆ రోజుకి ఆపేయండి, బతిమాలొద్దు.

గంట రికార్డింగ్ రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆ వారంలోనే మొదలుపెట్టండి, ఏ మాట దేని గురించో మీకింకా గుర్తుంటుంది. ఆమె యాసని పుస్తకభాషలోకి మార్చకండి. పేషెంట్ల పేర్లు తీసేయండి. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఆమె చేతికిచ్చి, కొట్టేయమన్నవి కొట్టేయండి. అసలు ఆడియో ఫైళ్లకి తేదీ, సిట్టింగ్ నంబరుతో పేరు పెట్టి, మూడు కాపీలు చేయండి. అందులో ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిన్ని ఇంట్లో ఉండాలి.