బయోస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయిందా? అప్పుడే బోర్డు మార్చకండి

కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రామ్ బయోస్. దాని అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతుంది. మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. హనుమకొండలో మా సర్వీస్ షాపుకు ఇలాంటి డెస్క్‌టాప్‌లు తరచూ వస్తుంటాయి. తెచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఇంకోచోట చూపించుకుని, ‘మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయాలి’ అనిపించుకుని వస్తారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. అప్‌డేట్ మధ్యలో ఆగినంత మాత్రాన బోర్డులో ఏదీ కాలిపోదు. ఎనిమిది కాళ్లున్న ఒక చిన్న చిప్పులో బయోస్ సగం రాసి ఆగిపోయిందంతే. దాన్ని మళ్లీ పూర్తిగా రాస్తే బోర్డు లేస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. అసలు అప్‌డేట్ ఫెయిలైందా, లేక పూర్తయ్యాక వచ్చే మామూలు ఆలస్యాన్ని చూసి కంగారు పడుతున్నామా?

కాసేపు ముట్టుకోకండి

బయోస్ మారగానే బోర్డు పాత లెక్కలన్నీ వదిలేసి ర్యామ్‌ను మొదటి నుంచి పరీక్షించుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5 ర్యామ్ వాడే బోర్డుల్లో, ముఖ్యంగా ఏఎండీ ఏఎం5 సాకెట్ బోర్డుల్లో, దీనికి నిమిషాలు పడుతుంది. ర్యామ్ ఎక్కువుంటే ఇంకా పడుతుంది. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది, సిస్టమ్ తనంతట తానే రెండు మూడుసార్లు ఆగి మొదలవుతుంది కూడా. ఇది చూసి టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తుంటారు. ఆపినప్పుడల్లా ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. పావుగంట, కుదిరితే అరగంట వదిలేయండి.

అప్పటికీ ఏమీ రాకపోతే కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతోందంటే బోర్డు బతికే ఉంది, డిస్‌ప్లే మాత్రమే రావడం లేదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి, బోర్డు వెనకున్న హెచ్‌డీఎంఐకి కేబుల్ పెట్టండి. పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అప్‌డేట్ తర్వాత, పాత పరికరాలను పనిచేయించే సీఎస్ఎం అనే సెట్టింగ్ ఆఫ్ అయిపోతే, యూఈఎఫ్ఐకి (ఇప్పటి బయోస్ పద్ధతికి) సపోర్టు లేని ఆ కార్డు బయోస్ స్క్రీన్ కూడా చూపించదు. ఎవరిదైనా కొత్త కార్డు అడిగి తెచ్చి పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది.

తర్వాత సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే చోటు) క్లియర్ చేయాలి. ప్లగ్ పూర్తిగా పీకేయండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 సెల్ తీసి పది నిమిషాలు ఆగండి, లేదా జంపర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో కాసేపు కలపండి. ఆ పిన్నుల పక్కన ఏసుస్ బోర్డుల్లో సీఎల్ఆర్‌టీసీ అని, ఎంఎస్ఐలో జేబ్యాట్1 అని, గిగాబైట్‌లో సీఎల్ఆర్ సీమాస్ అని ఉంటుంది. సెల్‌ను మల్టీమీటర్‌తో చూస్తే 3 వోల్టుల దగ్గర ఉండాలి. బాగా తక్కువుంటే మార్చేయండి. తిరిగి ఆన్ చేసేటప్పుడు ఒక్క ర్యామ్ స్టిక్ మాత్రం పెట్టండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో మామూలుగా అది ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్.

బయోస్ వస్తోంది, విండోస్ రావడం లేదా?

అయితే అప్‌డేట్ ఫెయిల్ కాలేదు. సెట్టింగులు మొదటికి వెళ్లిపోయాయి, అంతే. ఇక్కడే చాలా షాపుల్లో విండోస్ ఫార్మాట్ కొట్టేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ డిస్క్‌లో మీ పిల్లల ఫొటోలు ఉండొచ్చు, ఏళ్ల లెక్కలు ఉండొచ్చు. బయోస్‌లోకి వెళ్లి ముందు ఎలా ఉందో అలా పెడితే చాలు. ఇంతకుముందు డిస్కులకు సంబంధించిన రెయిడ్ సెట్టింగ్ గానీ, ఇంటెల్ వీఎండీ గానీ ఆన్‌లో ఉండి ఇప్పుడు ఆఫ్ అయితే విండోస్ నీలం తెర చూపించి, బూట్ డివైస్ అందడం లేదంటుంది. పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్ డిస్క్ మీద, విండోస్ వేసుకున్నవాళ్లు సీఎస్ఎం ఆన్ చేయాలి.

డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉంటే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బయోస్ మారినప్పుడు టీపీఎం అనే భద్రతా భాగంలో లెక్క మారుతుంది కాబట్టి అడుగుతోంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ వాడుతుంటే, ఫోన్‌లో అదే అకౌంట్ తెరిచి డివైసుల దగ్గర రికవరీ కీల పేజీ చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అసలైతే అప్‌డేట్‌కు ముందే విండోస్‌లో బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి పెట్టుకోవాలి.

నిజంగానే లేవకపోతే

ఇప్పుడు బోర్డు వెనక వైపు, యూఎస్‌బీ పోర్టులున్న పట్టీ మీద చూడండి. ఒక చిన్న బటన్ ఉందా? ఏసుస్‌లో దాన్ని బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటారు, ఎంఎస్ఐలో ఫ్లాష్ బయోస్ బటన్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్ ప్లస్. గిగాబైట్‌లో కొన్నిసార్లు అది వెనక కాకుండా బోర్డు మీదే ఉంటుంది. ఈ బటన్ ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. దీని వెనక వేరే చిన్న కంట్రోలర్ ఉంటుంది. ప్రాసెసర్ లేకపోయినా, ర్యామ్ లేకపోయినా, అది పెన్‌డ్రైవ్ నుంచి ఫైల్ చదివి నేరుగా చిప్పులో రాసేస్తుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది పెన్‌డ్రైవ్ దగ్గరే. 32 జీబీకి మించని, పాత యూఎస్‌బీ 2.0 డ్రైవ్ మేలు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్‌ను ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా బయటే ఉంచండి. బోర్డు కంపెనీ సైటు నుంచి సరిగ్గా మీ మోడల్‌దే దించుకోవాలి. గిగాబైట్ బోర్డు అయితే మూలన అచ్చువేసిన రివిజన్ నంబరు కూడా చూడండి. ఒకే పేరుతో రెవ్ 1.0కు ఒక ఫైల్, ఇంకో రివిజన్‌కు ఇంకో ఫైల్ ఉంటాయి. తర్వాత పేరు మార్చాలి. ఎంఎస్ఐ అయితే పేరు ఎంఎస్ఐ, ఎక్స్‌టెన్షన్ (చుక్క తర్వాత వచ్చే భాగం) ఆర్ఓఎం. గిగాబైట్ అయితే పేరు గిగాబైట్, ఎక్స్‌టెన్షన్ బిన్. ఏసుస్ అయితే డౌన్‌లోడ్‌తో పాటే వచ్చే బయోస్ రీనేమర్ నడిపితే అదే మార్చేస్తుంది. విండోస్ ఎక్స్‌టెన్షన్లను దాచిపెడుతుంది కాబట్టి, మీరు ఆర్ఓఎం అని చేర్చితే అది రెండుసార్లు పడి ఉండొచ్చు. వ్యూ మెనూలో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకుని చూడండి.

బోర్డుకు 24 పిన్ కేబుల్, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్ కేబుల్ ఉంటే చాలు. పవర్ సప్లై వెనక స్విచ్ ఆన్‌లో ఉండాలి, సిస్టమ్ మాత్రం ఆన్ చేయకూడదు. దీనికోసం గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కండి. ఏసుస్‌లో 3 సెకన్లు నొక్కిపట్టి, లైటు మూడుసార్లు మినుక్కుమన్నాక వదలాలి. లైటు అలా మినుకుతూ ఉండాలి. 5 సెకన్లకే మినుకడం ఆగి నిలకడగా వెలిగితే పెన్‌డ్రైవో, ఫైలో దానికి నచ్చలేదని అర్థం. లైటు పూర్తిగా ఆరేదాకా ఏ కేబులూ కదపకండి.

బటన్ లేని పాత గిగాబైట్ బోర్డుల్లో డ్యుయల్ బయోస్ అని రెండు చిప్పులు ఉంటాయి. మొదటిది పాడైతే రెండో దాని నుంచి బోర్డు తనే సరిచేసుకోవడానికి చూస్తుంది. పాత ఏసుస్ బోర్డుల్లో క్రాష్‌ఫ్రీ బయోస్ అని ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో సరైన పేరుతో ఫైల్ పెట్టి ఆన్ చేస్తే బోర్డు దాన్ని వెతుక్కుంటుంది. బూట్ బ్లాక్ అనే మొదటి భాగం బతికి ఉంటేనే ఇది పనిచేస్తుంది.

చిప్పు దగ్గరికి

మొన్నటి పెళ్లిళ్ల సీజన్‌లో ఒక ఫొటో స్టూడియో అతను ఏఎం4 బోర్డుతో వచ్చాడు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేదు. “అన్నా, ఇందులో రెండు పెళ్లిళ్ల ఆల్బమ్‌లున్నయ్, అవి పోలేదు కదా?” అన్నాడు. “డిస్క్‌కూ దీనికీ సంబంధం లేదు తమ్ముడూ” అని ముందు ఎస్‌ఎస్‌డీ తీసి వేరే సిస్టమ్‌కు పెట్టి ఫైళ్లు చూపించాను. అతని ఊపిరి కుదుటపడ్డాక బోర్డు బల్ల మీద పెట్టాను.

ఇలాంటప్పుడు కావాల్సింది చిప్పును నేరుగా చదివి రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ అనే పరికరం, ఎనిమిది కాళ్లను పట్టుకునే క్లిప్. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) వైపు వెళ్లేవాళ్లుంటే తెప్పించుకోండి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. కానీ క్లిప్ పెట్టే ముందు చిప్పు మీద అక్షరాలు చదవాలి. ఫోన్ కెమెరా జూమ్ చేసి, టార్చ్ పక్క నుంచి వేస్తే కనిపిస్తాయి. స్టూడియో అతని బోర్డు మీద విన్‌బాండ్ 25క్యూ128ఎఫ్‌డబ్ల్యూ అని ఉంది. చివర ఎఫ్‌వీ ఉంటే 3.3 వోల్టుల చిప్పు, ఎఫ్‌డబ్ల్యూ ఉంటే 1.8 వోల్టులది. ఒక్క అక్షరమే తేడా. మ్యాక్రోనిక్స్ చిప్పుల్లో 25ఎల్ అంటే 3 వోల్టుల రకం, 25యూ అంటే 1.8. తక్కువ వోల్టుల చిప్పుకు 1.8 వోల్టుల అడాప్టర్ లేకుండా ప్రోగ్రామర్ తగిలిస్తే చిప్పు నిజంగానే కాలిపోవచ్చు. నల్ల రంగు సీహెచ్341ఏలో డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి కూడా, కాబట్టి 3.3 వోల్టుల చిప్పులకైనా వోల్టేజీ సరిచేసిన రకం కొనుక్కోవడం మంచిది.

పవర్ కేబుళ్లన్నీ, సీమాస్ సెల్ తీసేశాకే క్లిప్ పెట్టాలి. చిప్పు మీద చుక్క ఉన్న మూల ఒకటో కాలు, క్లిప్ ఎర్ర వైరు అటు రావాలి. ముందు రాయొద్దు, చదవండి. రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ పోల్చి చూడండి. స్టూడియో బోర్డులో మొదట రెండూ కలవలేదు. క్లిప్ పళ్లు ఒక పక్కకు వాలి ఉన్నాయి. తీసి, కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నిటారుగా పెట్టి మళ్లీ చదివితే కలిశాయి. ఆ ఫైల్‌ను ఎక్కడైనా భద్రంగా దాచండి. బోర్డు సీరియల్ నంబరు, కొన్ని బోర్డుల్లో ల్యాన్ మ్యాక్ అడ్రస్, కంపెనీ సిస్టమ్‌లలో విండోస్ కీ అందులోనే ఉంటాయి. తర్వాత అవి పోయాయని తేలితే తిరిగి తెచ్చుకోవడానికి అదొక్కటే దారి.

ఇప్పుడు రాయాల్సింది కంపెనీ సైటు నుంచి దించుకున్న బయోస్ ఫైల్. దాని సైజు చిప్పు సైజుతో సరిగ్గా సరిపోవాలి. 16 ఎంబీ చిప్పుకు 1,67,77,216 బైట్లు. ఏసుస్ ఇచ్చే బయోస్ ఫైల్ (ఎక్స్‌టెన్షన్ క్యాప్) దీనికన్నా కాస్త పెద్దగా ఉంటుంది, మొదట్లో అదనపు హెడర్ ఉంటుంది కాబట్టి. యూఈఎఫ్ఐటూల్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి లోపలి బాడీని మాత్రం బయటికి తీసుకోవాలి. ఆ తర్వాత చెరపడం, రాయడం, వెరిఫై చేయడం, ఇదే వరస. లైనక్స్ వాడేవాళ్లకు ఫ్లాష్‌రామ్ అనే ప్రోగ్రామ్ ఒక్క ఆదేశంతో ఈ పని చేసిపెడుతుంది. వెరిఫై దగ్గర ఒక్క బైటు తప్పినా ఆన్ చేయకుండా మళ్లీ రాయండి.

బోర్డుకు వారంటీ ఉంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. చిప్పు సరిగ్గా రాసి వెరిఫై కూడా అయ్యాక బోర్డు లేవకపోతే, తప్పు బయోస్‌ది కాదని అనుకుని వేరే పవర్ సప్లైతో, వేరే ర్యామ్‌తో చూడాలి.

ఇంత చదివి బయోస్ అప్‌డేటే చేయొద్దని అనుకోకండి. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల వోల్టేజీ సమస్యకు 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల సవరణ) బయోస్ అప్‌డేట్‌గానే వచ్చింది, అది వేసుకోకపోతే ప్రాసెసర్‌కే నష్టం. చేసేటప్పుడు విండోస్ లోపల నుంచి కాకుండా బయోస్ మెనూలో నుంచే చేయండి. సిస్టమ్‌ను యూపీఎస్ మీద పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ మాత్రమే ఉంటే, దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు అది అందుకునేలోపే కంప్యూటర్ ఆగిపోతుంది.