స్కూల్ మేనేజ్‌మెంట్‌తో ఉద్యోగ వివాదం వస్తే ప్రిన్సిపాల్ ఏం చేయాలి?

ప్రైవేటు స్కూల్లో టీచర్‌కీ యాజమాన్యానికీ గొడవ వస్తే సర్దిచెప్పడానికి మధ్యలో ప్రిన్సిపాల్ ఉంటారు. ప్రిన్సిపాల్‌కీ యాజమాన్యానికీ గొడవ వస్తే మధ్యలో ఎవరూ ఉండరు. నిన్నటిదాకా మేనేజ్‌మెంట్ తరఫున షోకాజ్ నోటీసుల మీద సంతకం పెట్టిన మనిషి చేతికే ఇవాళ షోకాజ్ నోటీసు వస్తుంది. స్టాఫ్ మాట్లాడటానికి జంకుతారు. సంఘాల దగ్గరికి వెళ్తే ‘మీరు మేనేజ్‌మెంట్ మనిషే కదా’ అంటారు. లేబర్ కోర్టు తలుపు కూడా మూసే ఉంటుంది. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఉపాధ్యాయులు ‘వర్క్‌మన్’ (ఆ చట్టం రక్షణ పొందే కార్మికుడు) కిందికి రారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఇక అజమాయిషీ చేసే ప్రిన్సిపాల్ సంగతి చెప్పేదేముంది?

ఇంత ఒంటరి స్థానంలో ఉన్నవాళ్లకు అండగా నిలబడేది కాగితమే. గొడవ మొదలైన తొలి రోజుల్లో మీరు ఏం రాశారు, ఏం రాయలేదు, దేనిమీద సంతకం పెట్టారు అన్నదాని మీదే తర్వాతి కథంతా ఆధారపడుతుంది. ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రైవేటు స్కూళ్ల ప్రిన్సిపాళ్లు, హెడ్‌మాస్టర్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

1. మీ యజమాని ఎవరో తేల్చుకోండి

చాలామంది కరస్పాండెంట్‌నే యజమాని అనుకుంటారు. నిజానికి స్కూలు ఒక సొసైటీ పేరునో, ట్రస్టు పేరునో ఉంటుంది. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసి చూడండి. ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో చేశారు, నోటీసు పీరియడ్ ఎంత, ప్రొబేషన్ పూర్తయినట్టు రాతపూర్వకంగా ఇచ్చారా, తొలగించే అధికారం ఎవరికుంది అన్నవి చూసుకోండి. ‘రేపట్నుంచి రానక్కర్లేదు’ అని కరస్పాండెంట్ ఫోన్లో చెప్పినంత మాత్రాన ఉద్యోగం పోదు. నియమించింది కమిటీ అయితే, తీసేయడానికి కూడా కమిటీ తీర్మానం ఉండాలని గట్టిగా అడగొచ్చు.

సీబీఎస్ఈ స్కూలైతే ఇంకో విషయం ఉంది. బోర్డు అనుబంధ నిబంధనల ప్రకారం స్కూల్ మేనేజింగ్ కమిటీకి ప్రిన్సిపాలే హోదా రీత్యా సభ్య కార్యదర్శి. మీ మీద చర్య తీసుకున్న సమావేశానికి మీకే పిలుపు రాకపోతే అది గట్టిగా ప్రశ్నించాల్సిన విషయం. ఆ మినిట్స్ కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి.

ఎయిడెడ్ (ప్రభుత్వ గ్రాంటుతో నడిచే) పోస్టులో ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ ప్రభుత్వ అనుమతుల పాత్ర ఎక్కువ, రక్షణ కూడా ఎక్కువ. కింద చెప్పేది ప్రధానంగా అన్‌ఎయిడెడ్ స్కూళ్ల గురించి.

2. నోటిమాటను రాతలోకి దించండి

మేనేజ్‌మెంట్ మీటింగుల్లో అసలైన బెదిరింపులన్నీ నోటితోనే వస్తాయి. అందుకని ప్రతి ముఖ్యమైన సంభాషణ తర్వాత, అదే రోజు, మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. ‘ఈ రోజు ఉదయం తమరు నన్ను పిలిచి, అడ్మిషన్లు తగ్గినందుకు ఈ నెలాఖరుకల్లా తప్పుకోమన్నారు. దీనిపై యాజమాన్యం నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. అప్పటివరకు విధులు కొనసాగిస్తాను.’ ఇంతే చాలు. ఇందులో ఆవేశం, ఆరోపణ ఏవీ ఉండకూడదు. వాళ్లు జవాబివ్వకపోయినా, మీ మెయిల్ తేదీతో సహా నిలిచి ఉంటుంది.

వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఆ ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోతుందనుకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దాంతోపాటు నిర్ణీత సర్టిఫికెట్ జతచేయాలి. ఆ సంగతి లాయర్ చూసుకుంటారు. మూలం భద్రంగా ఉంచడం మీ పని. మీ ఆర్డర్లు, జీతం స్లిప్పులు, ఇంక్రిమెంట్ లెటర్లు, ప్రశంసాపత్రాలను వ్యక్తిగత మెయిల్‌లో దాచుకోండి. పిల్లల రికార్డులు, ఫీజుల డేటా మాత్రం ఇంటికి తీసుకెళ్లకండి. అది మీ చేతులతో మీరే వాళ్లకు అందించే అభియోగం అవుతుంది.

3. అడిగారని రాజీనామా రాసివ్వకండి

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. గదిలో నలుగురు కూర్చుని, ‘మీ పరువు పోకూడదనే చెప్తున్నాం. వ్యక్తిగత కారణాలని రాసిచ్చేయండి, మంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తాం’ అంటారు. పదిహేనేళ్లు పిల్లల ముందు తలెత్తుకు తిరిగిన మనిషికి పరువు అన్న మాట వినగానే చెయ్యి వణుకుతుంది. ఆ టెన్షన్‌లో సంతకం పెట్టేస్తారు. ఆ ఒక్క కాగితంతో అది ‘తొలగింపు’ నుంచి ‘స్వచ్ఛందంగా వెళ్లిపోవడం’గా మారిపోతుంది. విచారణ ఎందుకు జరపలేదు, నోటీసు ఎందుకు ఇవ్వలేదు అని అడిగే హక్కు దాదాపు పోయినట్టే.

గదిలో చెప్పాల్సింది ఒక్కటే: ‘ఆలోచించుకుని లిఖితపూర్వకంగా తెలియజేస్తాను.’ లేచి బయటికి రండి. ఎంత ఒత్తిడి చేసినా తెల్లకాగితం మీద సంతకం వద్దు. తేదీ లేని రాజీనామా అసలే వద్దు. ఒకవేళ అప్పటికే సంతకం పెట్టించుకుని ఉంటే ఆలస్యం చేయకండి. అది ఏ పరిస్థితుల్లో రాయించారో వివరిస్తూ, ఉపసంహరించుకుంటున్నట్టు అదే రోజు మెయిల్ పెట్టండి. అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా స్పీడ్ పోస్టులో కూడా పంపండి. రాజీనామాను ఆమోదించకముందే ఉపసంహరణ చేరితే మీ వాదనకు బలం ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ, ‘ఇష్టపడే ఇచ్చారు’ అన్న వాళ్ల మాటకే బలం పెరుగుతుంది.

మీరే వెళ్లిపోవాలనుకుంటే అందులో తప్పేమీ లేదు. కాకపోతే షరతులు మాట్లాడుకుని, రాతలో చూసుకుని, ఆ తర్వాత రాయండి.

4. ఛార్జ్ అప్పగింత జాబితా లేకుండా తాళాలు ఇవ్వకండి

టీచర్ వివాదానికీ ప్రిన్సిపాల్ వివాదానికీ అసలు తేడా ఇది. మీ సంతకంతో టీసీలు వెళ్లాయి, బ్యాంకు చెక్కులు వెళ్లాయి, బోర్డు పోర్టల్లోనూ, స్కూళ్ల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లోనూ వివరాలు ఎక్కాయి. మీరు వెళ్లిన ఆరు నెలలకు ఒక రికార్డు కనపడకపోయినా, ఫీజు లెక్కలో తేడా వచ్చినా మొదట వేలు మీ వైపే చూపిస్తారు. సస్పెండ్ చేసినా, తొలగించినా, మీరే మానేసినా అప్పగింత జాబితా రెండు కాపీలు రాసుకోండి. అడ్మిషన్ రిజిస్టర్, టీసీ బుక్కులు (ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా వాడారో సహా), క్యాష్ బుక్, ఆ రోజు చేతిలో ఉన్న నగదు, చెక్ బుక్కులో చివరి నంబరు, సర్వీసు రిజిస్టర్లు, సీళ్లు, తాళాలు, ల్యాప్‌టాప్, పోర్టల్ లాగిన్లు అన్నీ ఉండాలి. తీసుకున్నవాళ్ల పేరు, సంతకం, తేదీ, సమయం ఉండాలి.

వాళ్లు సంతకం చేయడానికి ఒప్పుకోకపోతే? అదే జాబితాను ఆ సాయంత్రమే మెయిల్ చేసి, ‘ఇవన్నీ ఆఫీసు గదిలో ఫలానావారి సమక్షంలో వదిలివచ్చాను’ అని రాయండి. బ్యాంకుకు వెళ్లి, ఇక మీరు సంతకందారు కాదని లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. బోర్డు పోర్టల్లో మీ మొబైల్ నంబరు ఉంటే మార్చమని రాయండి. మీ పేరుతో రేపు ఎవరో ఏదో చేసేందుకు దారి ఉంచకండి.

మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరుంటే, ఏయే సర్టిఫికెట్లో నంబర్లతో సహా రాసి వెనక్కి అడగండి. ఉద్యోగిని కట్టిపడేయడానికి వాటిని తాకట్టు వస్తువుల్లా పెట్టుకునే అలవాటు చాలా అన్యాయమైనది.

5. షోకాజ్ వస్తే జవాబివ్వండి, విచారణకు హాజరవ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1982 (తెలంగాణలోనూ అదే చట్టం తెలంగాణ విద్యా చట్టంగా కొనసాగుతోంది) సెక్షన్ 79 ప్రైవేటు విద్యాసంస్థల బోధన, బోధనేతర సిబ్బందికి రక్షణ ఇస్తుంది. అభియోగాలు తెలియజేసి, విచారణ జరిపి, చెప్పుకునే అవకాశం ఇచ్చాకే తొలగించాలి. సస్పెన్షన్ కూడా నిరవధికంగా సాగకూడదు. మామూలుగా రెండు నెలల్లో విచారణ ముగించాలి. మీ జవాబులో ఈ సెక్షన్‌ను పేరుపెట్టి ప్రస్తావించండి.

‘క్రమశిక్షణ లేదు, పనితీరు బాగాలేదు’ వంటి గాలిమాటలే అభియోగాలైతే, ఏ తేదీన ఏం జరిగిందో చెప్పమని, ఆధార పత్రాలు ఇమ్మని మొదట అడగండి. గడువు చాలకపోతే పొడిగింపు అడగండి. అంతేగానీ మౌనంగా ఉండిపోవద్దు. కోపంతో విచారణను బహిష్కరిస్తే ఏకపక్షంగా ముగిస్తారు. వెళ్లండి, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం అడగండి. నిరాకరిస్తే ఆ నిరాకరణను ఆనాటి ప్రొసీడింగ్స్‌లో రాయించండి.

విచారణ నివేదిక మీకు ఇవ్వకుండా శిక్ష వేయకూడదు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఉద్యోగి కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రం చెప్పింది. అది ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నిటికీ వర్తిస్తుందని కూడా స్పష్టం చేసింది.

లైంగిక వేధింపుల విషయమైతే దారి వేరు. 2013 చట్టం కింద మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. వేధించింది యజమానే అయితే స్కూలు అంతర్గత కమిటీకి బదులు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి.

6. ఏ తలుపు తట్టాలో ముందే తెలుసుకోండి

జిల్లా విద్యాధికారి (డీఈఓ) కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవడం మొదటి మెట్టు. అక్కడ పని నెమ్మదిగా సాగినా రికార్డు తయారవుతుంది. తొలగింపు ఆర్డరు అందితే ఆ వారంలోనే సర్వీసు కేసులు చూసే లాయర్‌ను కలవండి. అప్పీళ్లకు గడువులు ఉంటాయి. 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు విద్యాసంస్థల ఉద్యోగుల కోసం ట్రైబ్యునళ్లు ఉండాలని, అవి ఏర్పడేదాకా ప్రభుత్వం నోటిఫై చేసిన జిల్లా జడ్జి ముందు అప్పీలుకు వీలుండాలని చెప్పింది. మీ జిల్లాలో ఆ అధికారం ఎవరికుందో లాయర్‌ను అడగండి.

హైకోర్టులో రిట్ (అధికార సంస్థల చర్యను నేరుగా హైకోర్టులో ప్రశ్నించే పిటిషన్) వేస్తే చాలనే నమ్మకం చాలామందిలో ఉంది. 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. సర్వీసు నిబంధనల వెనక చట్టం అండ లేకపోతే, ప్రైవేటు అన్‌ఎయిడెడ్ స్కూలుపై కేవలం కాంట్రాక్టు వివాదంతో రిట్ నిలవదని ఆ తీర్పు సారాంశం. అందుకే మీ కేసు ఏ చట్టం కిందికి వస్తుందన్నది కీలకం.

ఇక సివిల్ కోర్టు. ఇష్టంలేని యజమాని దగ్గర మళ్లీ పనిలో పెట్టమని కోర్టులు సాధారణంగా ఆదేశించవు. 1975లో వైశ్ డిగ్రీ కాలేజీ కేసులో గెలిచింది ప్రిన్సిపాల్ కాదు, కార్యవర్గం. అక్కడ కార్యవర్గం ఏదో ఒక చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ కాదన్నదే నిర్ణాయకమైంది. కాబట్టి మొదటి నుంచీ మనసులో తేల్చుకోండి: మీకు కావలసింది ఆ కుర్చీయా, రావాల్సిన డబ్బా, మచ్చలేని సర్టిఫికెటా? కుర్చీ కోసం పోరాటం చాలా పొడవు. మిగతా రెండూ అందేవి. జీతం బకాయిల దావాకు గడువు మూడేళ్లు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకునే వీలూ అక్కడే ఉంది.

7. డబ్బు లెక్క మీరే వేసుకోండి

‘టీచర్లకు గ్రాట్యుటీ లేదు’ అని ఇప్పటికీ చెప్పే యాజమాన్యాలున్నాయి. 2009 సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా ఉపాధ్యాయులను అప్పటి గ్రాట్యుటీ చట్టం కిందికి తెచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. ఐదేళ్లు నిరంతరాయంగా పనిచేసి ఉంటే, చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ గుణించాలి. బేసిక్, డీఏ కలిపి 52,000 రూపాయలతో 11 ఏళ్లు పనిచేసినవారికి 3,30,000 రూపాయలు వస్తాయి. 30 రోజుల్లో చెల్లించాలి. పీఎఫ్ పోర్టల్లో వాళ్లు ఎగ్జిట్ తేదీ వేయకపోతే, చివరి చందా జమైన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు.

8. రాజీ కుదిరితే ప్రతి మాటా రాయించుకోండి

ఎక్కువ వివాదాలు ఇక్కడికే చేరతాయి, చేరడం మంచిదే. రాజీపత్రంలో ఎంత మొత్తం, ఏ తేదీన, ఏ ఖాతాకు అన్నది ఉండాలి. అభియోగాలు ఉపసంహరించుకున్నట్టు, అప్పగింత పూర్తయినట్టు, ఇకపై రికార్డుల విషయంలో మీపై క్లెయిమ్ లేనట్టు స్పష్టంగా ఉండాలి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో రాసే వాక్యాలను రాజీపత్రానికే జతచేయించండి. ‘తర్వాత పంపిస్తాం’ అంటే ఒప్పుకోకండి. కొత్త స్కూలువాళ్లు ఫోన్ చేస్తే ఎవరు మాట్లాడాలో, ఏం చెప్పాలో కూడా రాయించుకోవచ్చు. డబ్బు ఖాతాలో పడ్డాకే కేసు ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టండి.