ముక్క చేతికిస్తే తినని బిడ్డ: ఎక్కడ తేడా వస్తోంది, ఏం చేయాలి

ఆరో నెలలో అన్నప్రాశన చేస్తాం. ఆ తర్వాత పదో నెల దాటినా మిక్సీ మాత్రం ఆగదు. "పళ్ళే రాలేదు, ముక్కలేం తింటాడు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు. పళ్ళు లేకపోయినా మెత్తటి ముక్కను చిగుళ్ళతోనే నలిపేసుకుంటారు పిల్లలు. మెడ నిలిపి, కొద్ది ఆసరాతో కూర్చుంటూ, మన కంచం మీదికి చెయ్యి చాస్తుంటే సమయం వచ్చినట్టే. చాలామందిలో ఇది ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య కనిపిస్తుంది. తొమ్మిది, పది నెలలు దాటేదాకా జావలాంటివే పెడితే తర్వాత ముక్క అలవాటు చేయడం కష్టమవుతుంది. ఇక నేను చూసినంతలో, "మావాడు తినడు" అనే ఇళ్ళలో ఎక్కువసార్లు లోపం బిడ్డ ఆకలిలో ఉండదు, మనం కోసే ముక్కలో ఉంటుంది.

పట్టుకోలేకపోతోంది, చేతిలోంచి జారిపోతోంది

వయసుకు తగ్గట్టు ముక్క కొయ్యకపోవడమే కారణం. ఏడు, ఎనిమిది నెలల బిడ్డ పిడికిలితో పడుతుంది. పిడికిలి మూశాక పైకి కాస్త మిగిలితేనే నోటికి అందేది. అందుకని మన చూపుడు వేలంత పొడవున కోయండి. ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ, క్యారెట్, ఇడ్లీ, మెత్తటి దోసె దీనికి బాగుంటాయి. బొటనవేలు, చూపుడు వేలు కలిపి ఏరుకోవడం సుమారు తొమ్మిదో నెలలో వస్తుంది. అప్పుడు బఠాణీ గింజంత ముక్కలు చాలు. పండిన బొప్పాయి, మామిడి జారిపోతుంటే పైన కాస్త వేయించిన రాగిపిండి అద్దండి, పట్టు దొరుకుతుంది.

మెత్తదనం చూడటానికి ఒకటే పరీక్ష: ముక్కను మన రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలిగిపోవాలి. నలగకపోతే మళ్ళీ పొయ్యెక్కించండి.

నోట్లో పెట్టుకోగానే ఓకరిస్తోంది

అందరికీ టెన్షన్ ఇక్కడే. ఒక్కసారి ఓకరించగానే మళ్ళీ జావలోకి వెళ్ళిపోతారు. పసిపిల్లల్లో ఓకరింత పుట్టించే చోటు మనకన్నా నాలుక ముందు భాగంలో ఉంటుంది. ముక్క గొంతు దాకా పోకుండా ఒళ్ళే దాన్ని బయటికి నెడుతుంది. ముఖం ఎర్రబడినా, దగ్గినా, చప్పుడు వస్తున్నంతసేపు గాలి ఆడుతున్నట్టే. పక్కనే కూర్చుని చూడండి, దగ్గనివ్వండి. నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, కనబడని ముక్క ఇంకా లోపలికి పోతుంది.

గొంతుకు అడ్డం పడితే సంగతి వేరు. చప్పుడుండదు. ఏడవలేకపోతుంది, దగ్గలేకపోతుంది, పెదాలు నీలమెక్కుతాయి. ఏడాది లోపు బిడ్డయితే ముంజేతి మీద బోర్లా వేసి, తల ఒంటికన్నా కిందికి ఉంచి, రెండు భుజాల మధ్య అరచేతి మొదలుతో 5 సార్లు గట్టిగా చరచాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ నడిమి ఎముక మీద 5 సార్లు నొక్కాలి. బయటికి వచ్చేదాకా ఇవే మార్చి మార్చి చేయాలి. ఆలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది ఇంట్లో నానమ్మకీ తాతయ్యకీ కూడా తెలిసుండాలి, బిడ్డ రోజంతా ఉండేది వాళ్ళ దగ్గరే కదా.

వేరుశనక్కాయలు, బొరుగులు, కారప్పూస, పచ్చి క్యారెట్, కోయని ద్రాక్ష చేతికివ్వకండి. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేసి పెట్టొచ్చు. వేరుశనగ రుచి అలవాటు చేయాలంటే మెత్తగా నూరి అన్నంలోనో జావలోనో పల్చగా కలపండి. ముక్క నోట్లో ఉండగా పాకనివ్వొద్దు, బండి మీద ముందు కూర్చోబెట్టి తినిపించొద్దు.

చేప పెట్టాలంటే భయం

నెల్లూరులో పులుసు లేని ఆదివారం తక్కువ. పులుసులో ముక్కనే కడిగి పెడుతుంటారు, కడిగినా ఉప్పూ కారం పోవు. పులుసు పోయకముందే ఒక ముక్క పక్కకు తీసి ఇడ్లీ పాత్రలో ఆవిరికి ఉడికించండి. వంజరం, కొరమీను లాంటి సన్నముళ్ళు తక్కువున్న చేపలు నయం. ఉడికాక వేళ్ళతో పొర పొరగా విడదీసి, ప్రతి పొరనూ తడిమి చూసి పెట్టాలి. కళ్ళతో చూస్తే చాలదు. మొదటిసారి కొంచెమే పెట్టండి. గుడ్డుకైనా ఇంతే. ఒంటి మీద దద్దుర్లు, వాంతులు వస్తే డాక్టరుకు చూపించండి. ముఖం వాచినా, ఊపిరి కష్టంగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఉమ్మేస్తోంది, నోరు బిగిస్తోంది

ముందు పాలెప్పుడు పట్టారో చూడండి. కడుపు నిండా తాగిన అరగంటకు ఇడ్లీ పెడితే ఎవరు తింటారు? ఆకలి మొదలై, ఇంకా ఏడుపు లంకించుకోని వేళ చూసి పెట్టాలి. కొత్త రుచి ఒప్పుకోవడానికి పది సార్లు పట్టినా వింత లేదు. ఫోన్ చూపించి తినిపిస్తే ముక్క మీద ధ్యాసే ఉండదు. మీరు తినేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోండి. రుచి కోసమని ఉప్పు, పంచదార, బెల్లం కలపొద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు రాయడం కూడా వద్దు.

అన్నీ విసిరేస్తోంది

అది ఆట. ఒకేసారి రెండు ముక్కలకు మించి పెట్టకండి, కింద పాత చీర పరచండి. ఆపకుండా విసురుతుంటే కడుపు నిండిందని అర్థం.

విరేచనం గట్టిపడింది

ముక్కలు మొదలయ్యాక నీళ్ళు చాలకపోతే ఇలా అవుతుంది. తినేటప్పుడు చిన్న గ్లాసుతో రెండు గుక్కలు తాగించండి, సరిగ్గా మగ్గని అరటిపండు ఆపి బొప్పాయి పెట్టండి. కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో ఆ నీళ్ళు కాచి పట్టినా లాభం లేదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకీ శుద్ధి చేసిన నీళ్ళే వాడండి.

తొమ్మిది నెలలైనా ఆసరాతో కూడా కూర్చోలేకపోతున్నా, పెట్టిన ప్రతిసారీ పొలమారుతున్నా, అంగన్‌వాడీలో తూచినప్పుడు ఎదుగుదల కార్డు మీది బరువు గీత నెల నెలా కిందికి వంగుతున్నా ఇంటి చిట్కాలు కట్టిపెట్టి, ఆ కార్డు తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.