శాటిలైట్ ఆడియో రిసీవర్ కొంటున్నారా? ముందు వెనక ప్యానెల్ చూడండి

ఎఫ్‌ఎం స్టేషన్ కోసం శాటిలైట్ ఆడియో రిసీవర్ (ప్రధాన కేంద్రం ఉపగ్రహం ద్వారా పంపే కార్యక్రమాన్ని అందుకునే పెట్టె) కొనేటప్పుడు చాలామంది ముందు వైపు డిస్‌ప్లే చూస్తారు. అసలు సంగతి వెనక ఉంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (దారిలో చేరే నాయిస్‌ని రద్దు చేసే మూడు పిన్నుల కనెక్షన్) తప్పనిసరి. ఏఈఎస్ డిజిటల్ అవుట్‌పుట్ (స్టూడియో పరికరాలు వాడే డిజిటల్ ఆడియో పద్ధతి) కూడా ఉంటే మరీ మంచిది. ఇళ్లలో వాడే మామూలు ఆర్‌సీఏ పిన్నుల నుంచి దూరం కేబుల్ లాగితే హమ్ (గుయ్‌మనే శబ్దం) ఎక్కే అవకాశం ఎక్కువ.

తర్వాత రిలే కాంటాక్టులు, అంటే రిసీవర్ తనంతట తానే వేసే చిన్న స్విచ్‌లు. హబ్ (ప్రధాన కేంద్రం) నుంచి ఆడియోతో పాటే వచ్చే క్యూ (మొదలుపెట్టమనే సంకేతం) అందగానే రిలే మూసుకుంటుంది, మీ ప్లేఅవుట్ కంప్యూటర్ (కార్యక్రమాలు, యాడ్‌లు వినిపించేది) లోకల్ యాడ్ మొదలుపెడుతుంది. మనిషి గడియారం చూస్తూ కూర్చునే టెన్షన్ ఉండదు. నన్నడిగితే ఈ ఒక్క సౌకర్యం కోసమే ప్రొఫెషనల్ రిసీవర్ కొనొచ్చు.

సిగ్నల్ స్ట్రెంగ్త్ బార్‌ని మాత్రం నమ్మకండి. అది నాయిస్‌ని కూడా కలిపి చూపించగలదు. చూడాల్సింది సీ/ఎన్ మార్జిన్, అంటే నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం రిసీవర్‌కి కావాల్సిన కనీసం కంటే డెసిబెల్స్‌లో ఎంత మిగులుందో అని. డిజిటల్ ఆడియో మెల్లగా గరగరలాడుతూ పాడవదు, చివరిదాకా శుభ్రంగా వినిపించి టక్కున ఆగిపోతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజు ఆ అంకె రాసి పెట్టుకోండి. కేయూ బ్యాండ్ (వానకి త్వరగా బలహీనపడే ఉపగ్రహ ఫ్రీక్వెన్సీలు) అయితే వానలో ఎంత పడిపోతోందో తెలుస్తుంది.

మన దగ్గర మార్చి, అక్టోబరు ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకి వచ్చి, కొన్ని రోజుల పాటు రోజూ కాసేపు సిగ్నల్ పోతుంది. దానికి ఇంటర్నెట్ బ్యాకప్ ఉన్న మోడల్ తీసుకోండి. కాకపోతే ఒక మెలిక: ఆ బ్యాకప్ స్ట్రీమ్‌లో రిలే క్యూలు కూడా వస్తాయో లేదో కొనకముందే అడగండి.