మీ ఊరి పాత రైల్వే స్టేషన్ వయసు కనుక్కోవడం ఎలా

గోడ మీద శిలాఫలకం చూసి మోసపోకండి, అది చాలాసార్లు రంగులేసి టైల్స్ మార్చినప్పటిదే ఉంటది. ముందు లైన్ ఎప్పుడు పడిందో పట్టుకోండి. మద్రాసు నుంచి రేణిగుంట, కడప, గుత్తి మీదుగా వెళ్ళే లైన్ ముక్కలు ముక్కలుగా పడుతూ వచ్చి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైన్‌తో కలిసింది. వాడి-సికింద్రాబాద్ లైన్ 1874లో వచ్చింది, అదే బెజవాడ దాకా రావడానికి 1889 అయింది. మీ ఊరి ముక్క ఏ ఏడాది తెరిచారో, మామూలుగా బిల్డింగ్ అంతకన్నా పాతది కాదు, కొత్తది అయ్యే ఛాన్స్ మాత్రం బోలెడు.

పది రూపాయల ప్లాట్‌ఫామ్ టికెట్ తీసుకుని, స్టేషన్ మాస్టర్‌కి ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. నేరుగా రేకుల షెడ్ స్తంభాల దగ్గరికి పోండి, కంచె గుంజలైనా సరే. పాత స్టేషన్లలో అవి చాలావరకు తీసేసిన రైలు పట్టాలే. పట్టా పక్క భాగం మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి, కంపెనీ పేరు, తయారైన ఏడాది. పెయింట్ కోటింగులు పడి పడి ఏమీ కనపడదు, అప్పుడు సుద్దముక్క అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి, మా వైపు ఒక చిన్న స్టేషన్లో నాకు మొదట 18 తేలింది, మిగతా రెండంకెల కోసం అరగంట రుద్దాను, అందరూ నన్నే చూస్తున్నారు. కానీ జాగ్రత్త, ఆ ఏడాది స్టేషన్‌ది కాదు! ఆ పట్టా కొన్నేళ్ళు రైళ్ళు మోసి, అరిగి, ఆ తర్వాతే స్తంభం అయ్యుంటది, కాబట్టి షెడ్ వయసు దానికంటే తక్కువే.

తర్వాత బెంచీలు, పాత బీరువాలు చూడండి. ఎం.ఎస్.ఎం., అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అని చెక్కి ఉంటే 1908కీ 1951కీ మధ్యది. తెలంగాణ వైపు ఎన్.జి.ఎస్.ఆర్., అంటే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, అని ఉంటే 1930కి ముందుది, ఆ ఏడు నిజాం సర్కారు కంపెనీని కొనేసినాక జి ఎగిరిపోయింది.

పైకప్పు పెంకు దొరికితే తిరగేసి దాన్ని తయారుచేసిన కంపెనీ ముద్ర చూడండి.

చివరగా రిటైరైన పాయింట్స్‌మన్, అంటే పట్టాలు మార్చే ఆయన, ఎవరన్నా ఊళ్ళో ఉంటే టోకెన్ బాల్ గురించి అడగండి. సింగిల్ లైన్లో స్టేషన్లోని మిషన్ నుంచి తీసిన ఆ ఇనప బంతి చేతికి రానిదే డ్రైవర్ తర్వాతి స్టేషన్‌కి బండి పోనివ్వడానికి ఉండేది కాదు, పెద్ద రింగుకి కట్టిన సంచిలో అది పెట్టి ఇస్తే కదిలే బండిలోంచే అందుకునేవాళ్ళు. ఏ గదిలో ఆ మిషన్ ఉండేదో ఆయన చెయ్యి పెట్టి చూపిస్తాడు.